తూచ్ లేని బల్ల

అద్దం మీద గీత ఒక్కసారే గీయాలి.

పెళ్ళయి వచ్చిన కొత్తల్లో మామగారు ఆమెకు చెప్పిన మొదటి పాఠం అది. అద్దం కోసే కలం మొనను కిరసనాయిల్లో ముంచాలి. కొలబద్దకు ఆనించాలి. ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాలి. పట్టుగుడ్డ చిరిగినట్టు సన్నని చప్పుడు రావాలి. చెయ్యి తడబడిందని మళ్ళీ అదే గీత మీద గీస్తే కలమూ పాడవుతుంది, అద్దమూ తన ఇష్టం వచ్చినట్టు పగులుతుంది. "తప్పు గీశావనుకో, తప్పు దగ్గరే విరిచెయ్యి. సర్దబోతే చెయ్యి తెగుతుంది," అనేవాడు ముసలాయన. కోడలికి పని నేర్పుతున్నాడేమిటని చుట్టాలు మూతులు తిప్పుకున్నారు. ఆ మూతులు చూసుకునే అద్దాలు కూడా తర్వాత ఆమే కోసిచ్చింది.

ఇప్పుడు దుకాణంలో కోత అంతా ఆమెదే. కొలతలు తీసుకోవడం, తీసుకెళ్ళి బిగించడం భర్త పని. కిటికీ పలకలు, బీరువా అద్దాలు, చేపల తొట్లు. దుకాణం మధ్యలో పెద్ద బల్ల. దాని మీద మందపాటి ఉన్ని దుప్పటి బిగించి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, దుప్పటి మీది గాజు నలుసులు బ్రష్షుతో దులిపి, అదే బల్ల మీద ఆమె ఆట నడుపుతుంది.

ఆటంటే పేకాట కాదు. కోటలు, రాక్షసులు, మంత్రాలు ఉన్న ఆట. చేపల తొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఒకాయన దగ్గర నేర్చుకుంది. కథ ఆమె చెబుతుంది. ఆడేవాళ్ళు ముగ్గురు, తలా ఒక పాత్ర. "ఎదురుగా నది ఉంది, ఏం చేస్తారు?" అని ఆమె అడుగుతుంది. ఏం చేస్తారో వాళ్ళు చెబుతారు. అయిందో కాలేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది, ఎంత పెద్ద అంకె పడితే అంత మేలు. ఉన్ని దుప్పటి మీద పాచిక చప్పుడు లేకుండా దొర్లుతుంది. అది ఆగేదాకా ఎవరూ మాట్లాడరు.

వీధి చివరి టైలరు దొంగ పాత్ర ఆడతాడు, పేరు పిల్లి. ఒంటి మీద చొక్కా గుండీ కూడా ఊడనివ్వని మనిషి, ఆదివారం వచ్చిందంటే రాజుల ఖజానాలకు కన్నాలు వేస్తాడు. పక్కింటి నర్సమ్మది పసరు ముసలమ్మ, గాయాలు మాన్పే పాత్ర. "వారమంతా ఆ పనే చేసి ఇక్కడా అదేనా?" అని టైలరు అడిగితే, "ఇక్కడ నేను చెప్పిన మందు జనం మింగుతారండీ," అంటుంది. మూడోవాడు ఆమె మరిది. కొరియర్ గోదాములో పార్సిళ్ళు విడదీసే పని. అతని పాత్ర డాలు పట్టే మనిషి. ముందు నిలబడి, శత్రువు ఎవడూ తనను దాటి లోపలికి రాకుండా చూడటం వాడి పని. అందుకే వాడికి గొళ్ళెం అని పేరు పెట్టాడు.

ఒక్కో పాత్రకు ఒక్కో గాజుముక్క. కోతలో మిగిలిన తుక్కు డబ్బాలోంచి ఏరుకున్నవి. పాత్ర ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ఆమె ఆ ముక్కను సానరాయి మీద పెట్టి ఒక అంచు దిద్దుతుంది. అంటే మెట్టెక్కిన కొద్దీ ముక్క చిన్నదవుతుంది, మెరుగవుతుంది. గొళ్ళెం మొదట్లో అరచెయ్యంత ఆకుపచ్చ పెంకు. ఇప్పుడు రేగిపండంత. తిప్పితే అన్ని వైపులా వెలుగే. ఇక సాన పట్టడానికి చోటు లేదు.

ఆ బల్లకు నియమాలు తక్కువ. ఒకటి, అన్నది అన్నట్టే. పాత్ర తరపున నోట్లోంచి మాట వచ్చి, ముక్క మీంచి చెయ్యి తీస్తే అయిపోయినట్టే. తూచ్ లేదు. రెండు, పాత్ర పోతే మిగతావాళ్ళు దాని గురించి తలా ఒక ప్రశ్న అడగాలి. ఒక్కటే. పాత్రను ఆడినవాళ్ళు ఏం జవాబు చెబితే అది కథలో నిజమైపోతుంది. టైలరు మొదటి దొంగ పాము కరిచి పోయినప్పుడు, "వాడు దొంగతనం మానేద్దామని ఎప్పుడైనా అనుకున్నాడా?" అని నర్సమ్మ అడిగింది. "రోజూ," అన్నాడు టైలరు.

భర్త ఆడడు. వెనక సాన దగ్గర స్టూలు మీద కూర్చుని, కొలతల టేపు బయటికి లాగుతూ, లోపలికి వదులుతూ ఉంటాడు. తమ్ముడి వైపు చూడడు. తమ్ముడికి టీ ఇవ్వాలంటే, "వాడికి టీ కావాలేమో అడుగు," అంటాడు భార్యతో. "తాగే వచ్చానని చెప్పు," అంటాడు తమ్ముడు. ఇద్దరి మధ్య ఎనిమిది అడుగుల దుప్పటి. ఆమె ఆ మాటను అటు మోయదు, ఇటు మోయదు. విన్నారు కదా అన్నట్టు ఊరుకుంటుంది.

అసలు ఆట పెట్టిందే అందుకు.

మామగారికి ఛాతీలో నొప్పి వచ్చిన సాయంత్రం మరిది ఫోను ఎత్తలేదు. ఆన్‌లైన్ ఆట మధ్యలో ఉన్నాడు. అందులో అతను దండుకు నాయకుడు. వెనక పాతికమంది ఉన్నారని, వదిలి లేవకూడదని ఫోను బోర్లా పెట్టాడు. ఆట ముగించి వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో అన్న ఒక్కడే ఉన్నాడు. అరవలేదు, కొట్టలేదు. "నీ ఆటలో చచ్చినవాళ్ళు లేస్తారు. ఇక్కడ లేవరు," అన్నాడు. అంతే. ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య మాట లేదు. మరిది సామాను సర్దుకుని వేరే గదికి వెళ్ళిపోయాడు. పిలిస్తే రాలేదు. అప్పుడు ఆమె అద్దాలామె బుర్రతోనే ఆలోచించింది, ఏ కొలత అడిగితే ఆ కొలతే కోసివ్వాలని. రాక్షసులు కావాలంటే రాక్షసులే పెడదాం, మనిషి గుమ్మం తొక్కితే చాలు.

తొక్కాడు. ఏళ్ళు గడిచాయి. అతను గుమ్మం తొక్కుతూనే ఉన్నాడు, మాట మాత్రం లేదు.

చిక్కు ఏమిటంటే, కథకు చివర ఉంటుంది. ఆఖరి శత్రువు బూడిదరాజు కోట దగ్గర పడేకొద్దీ ఆమెకు భయం పట్టుకుంది. ఆట అయిపోతే అతను ఈ గడప ఎందుకు ఎక్కుతాడు? అందుకని కోటకు ముందు ఒక కొండ పెట్టింది. కొండ దిగితే అడవి. అడవి దాటితే జ్వరాలతో మూలిగే ఊరు.

కిందటి నెల మరిది గొళ్ళాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ అడిగాడు. "వదినా, పై మెట్టు ఎక్కాక ఇక్కడ ఏముంటుంది?"

"నీ ఆన్‌లైన్‌లో ఏముంటుంది?"

"అసలు ఆట అక్కడే మొదలంటారు. వారం వారం అదే కోట, అదే రాక్షసుడు. పోయినవారం దొరికిన కిరీటం కంటే నూలుపోగంత మంచి కిరీటం కోసం. ఈలోగా ఆట వాళ్ళు పైన కొత్త మెట్లు కడతారు. అప్పుడు అదీ తుక్కే."

"చచ్చిపోతే?" అంది నర్సమ్మ.

"శిబిరం దగ్గర లేస్తాం. ఒక్కోసారి మొదట్లోనే తేడా కొడుతుంది. అప్పుడు పోరాడి టైము పాడుచేసుకోం. అందరూ చచ్చిపోండి అంటాను, చచ్చిపోతారు. మళ్ళీ మొదలు."

"ఎంత హాయి," అన్నాడు టైలరు. "తప్పు కత్తిరించిన గుడ్డ కూడా అలా లేస్తే నా జన్మ తరించేది."

అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. "నువ్వూ ఈ మధ్య అదే చేస్తున్నావు వదినా. కొండ, అడవి, ఊరు. సాగదీస్తున్నావు. ఇక్కడ చివర ఉంటుందనే నేను వస్తున్నాను. ఇక్కడా అదే గానుగ అయితే, నా గదిలో పడుకుని తిరుగుతాను, బస్సు ఎక్కే బాధ తప్పుతుంది."

వెనక టేపు లోపలికి దూసుకుపోయిన చప్పుడు వినబడింది.

సాగదీస్తే అతను రాడు. ముగిస్తే రానక్కరలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నెలంతా ఆమె చేతిలో రెండు పలకలు వంకరగా పగిలాయి. భర్త ఆ ముక్కలు ఏరి డబ్బాలో వేశాడు. చివరికి ఆమె ముగించడానికే సిద్ధపడింది. తప్పు గీస్తే తప్పు దగ్గరే విరవాలి.

ఆ ఆదివారం బల్ల మీద కొలబద్ద అడ్డంగా పెట్టింది. "ఇది వంతెన. అటు బూడిదరాజు కోట. ఇటు మీరు. కింద లోయ. ఇక కొండలు లేవు, అడవులు లేవు."

మరిది మొహం విచ్చుకుంది. గొళ్ళాన్ని కొలబద్ద మధ్యలో నిలబెట్టాడు. పిల్లి, పసరు ముసలమ్మ వాడి వెనక. ఎదుట బూడిదరాజు సైన్యంగా నల్ల గాజుముక్కలు బారులు తీరాయి.

మొదట్లో బాగానే నడిచింది. పిల్లి చీకట్లో పాకి ఇద్దరిని పడేశాడు. తర్వాత పాచిక తిరగబడింది. పిల్లికి బాణం తగిలింది. నర్సమ్మ తన దగ్గరున్న ఆఖరి మందు వాడికే పోసింది. "గొళ్ళానికి దాచవమ్మా," అన్నాడు టైలరు. "కళ్ళముందు నెత్తురు కారుతుంటే దాచడం నాకు రాదు," అంది నర్సమ్మ.

బల్ల మీద బోర్లా పెట్టిన మరిది ఫోను వణకసాగింది. ఆగింది. మళ్ళీ వణికింది.

"తియ్యి, ఎవరో ఏమో," అంది ఆమె.

"దండు వాళ్ళు. ఈరోజు కొత్త కోట తెరిచారు. కాసేపట్లో వస్తానన్నాను." అతను ఫోను చూడలేదు కానీ మోకాలు ఆడుతోంది. "వెయ్యి వదినా."

నల్లముక్కలు వంతెన మీదికి వచ్చాయి. గొళ్ళెం డాలు అడ్డం పెట్టాడు. పాచిక దొర్లింది. రెండు. డాలు పగిలింది. మళ్ళీ దొర్లింది. నాలుగు. వాడు మోకాలి మీద కూలబడ్డాడు. దుకాణంలో ఉక్కగా ఉంది. షట్టరు కింద నుంచి ఎండ చాపలా పరుచుకుని బల్ల కాళ్ళ దాకా వచ్చింది. ఫోను దుప్పటి మీద తనంతట తనే జరుగుతోంది.

"బూడిదరాజు గుమ్మం దాటి బయటికి వచ్చాడు," అంది ఆమె. "మీవైపే చూస్తున్నాడు. ఏం చేస్తారు?"

నర్సమ్మ నోరు తెరిచేలోపే మరిది అనేశాడు. గొంతు మారిపోయింది, ఎవరో పాతికమందికి ఆజ్ఞలు ఇస్తున్నట్టు. "లాభం లేదు. చెడింది. అందరూ దూకేయండి, మళ్ళీ మొదలెడదాం. నేను దూకేశా."

వేలితో గొళ్ళాన్ని మీటాడు. పచ్చని గాజుముక్క కొలబద్ద మీంచి ఎగిరి, దుప్పటి మీద రెండు పొర్లు పొర్లి, ఆమె చేతి దగ్గర ఆగింది.

చప్పుడు రాలేదు. ఉన్ని కదా.

మొదట అతనికే అర్థం కాలేదు. మిగతావాళ్ళ ముక్కలు ఎందుకు కదలడం లేదా అని చూస్తున్నాడు. తర్వాత టైలరు మొహం చూశాడు. నర్సమ్మ మొహం చూశాడు. అప్పుడు అతని చెయ్యి ముక్క వైపు రాబోయి, మధ్యలో ఆగిపోయింది.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు," అన్నాడు టైలరు మెల్లగా. "నీకు నోరు జారి కాలు జారింది నాయనా."

"వదినా. అలవాటులో వచ్చేసింది. నేను ఆ ఆటలో ఉన్నాననుకున్నాను."

ఆమె పచ్చముక్కను పడినచోటే ఉంచింది.

"తూచ్ అనుకో వదినా. ఒక్కసారి."

"పోనీలే వదినా," అంది నర్సమ్మ. "ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాడు."

"నా దొంగను పాము కరిచినప్పుడు ఎవరైనా తూచ్ అన్నారా?" అన్నాడు టైలరు. అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయినా మీ ఇష్టం. నేను విననట్టే ఉంటాను."

తూచ్ అంటే ఎంతసేపు. రెండక్షరాలు. అంటే ఈ పూటకు అతను కూర్చుంటాడు. కానీ రేపు బస్సులో వెళ్తూ అనుకుంటాడు, ఇక్కడా లేస్తారన్నమాట అని. అలా అనుకున్నాక ఎందుకు వస్తాడు? అనకపోతే ఇప్పుడే లేస్తాడు. సాన దగ్గర టేపు చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ఆమె అప్పుడు గమనించింది.

"కింద నీళ్ళున్నాయిగా?" అన్నాడు మరిది ఆశగా. "నదిలో పడితే బతకొచ్చు."

"ఆ నదిని ఎవరు మళ్ళించారు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. జ్వరాల ఊరికి మంచినీళ్ళు కావాలని, గట్టు తవ్వి నదిని అటు తిప్పింది గొళ్ళెమే. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మెట్టుకు ఆమె పట్టిన సాన ఇప్పటికీ ముక్క మీద అన్నిటికంటే నున్నగా ఉంటుంది.

"నేనే," అన్నాడు. "కింద రాళ్ళు."

"రాళ్ళు," అంది ఆమె. "తూచ్ లేదు మరిదీ. గొళ్ళెం పోయాడు."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు వణకలేదు. వణికితే రెండోసారి గీసినట్టే.

"మేం వెనక్కి తగ్గుతున్నాం," అంది నర్సమ్మ, పిల్లినీ ముసలమ్మనీ వంతెన మీంచి ఇవతలికి లాగుతూ. బూడిదరాజు అటువైపే నిలబడి ఉన్నాడు. ఎవరూ గెలవలేదు.

మరిది లేచాడు. ఫోను జేబులో వేసుకున్నాడు. అది జేబులో కూడా వణుకుతోంది. షట్టరు దాకా నడిచి, వంగబోయి, వంగలేదు. వీపు ఇటే ఉంది. ఇప్పుడు వెనక నుంచి ఏ మాట రావచ్చో ఆ గదిలో అందరికీ తెలుసు. వరండాలో అన్న మాటే. ఇంతకంటే అదను దొరకదు. ఆమె తలతిప్పి భర్త వైపు చూసింది. వద్దని చూసిందో, అనెయ్యండి అని చూసిందో ఆమెకే తెలియదు.

భర్త స్టూలు మీంచి లేచాడు. టేపు జేబులో పెట్టుకున్నాడు. బల్ల దగ్గరికి వచ్చి, పచ్చముక్కను తీసి, పగులు కోసం చూసినట్టు కాసేపు వెలుగుకు పట్టాడు.

"చచ్చినవాడి గురించి తలా ఒక ప్రశ్న అడగాలి కదా మీ ఆటలో," అన్నాడు భార్యతో.

"ఆడేవాళ్ళు అడగాలండీ," అన్నాడు టైలరు, నియమం నియమమే కాబట్టి.

"ఇన్నేళ్ళు విన్నాను. కథలో ఏ కొండ ఎక్కడుందో మీకంటే నాకే బాగా తెలుసు. ఆడినట్టు కాదా?"

టైలరు ఆలోచించాడు. "అయినట్టే," అన్నాడు.

భర్త ముక్కను దుప్పటి మీద పెట్టాడు. "వాడికి అన్నదమ్ములు ఉన్నారేమో అడుగు," అన్నాడు భార్యతో.

ఆమె అడగలేదు. విన్నావు కదా అన్నట్టు ఊరుకుంది.

షట్టరు కింది ఎండలో మరిది చెప్పులు మాత్రం కదిలాయి. ఇన్నేళ్ళలో గొళ్ళెం ఎన్నో చెప్పాడు. పుట్టిన ఊరు చెప్పాడు, పడవ నడిపే పిల్లకు ఇచ్చిన మాట గురించి చెప్పాడు, కుంటికాలి కథ చెప్పాడు. ఇంట్లో ఎవరున్నారో ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"ఉన్నాడని చెప్పు," అన్నాడు మరిది వీధి వైపు చూస్తూనే. "ఒక అన్న."

"ఎక్కడ ఉంటా..." అని భర్త మొదలుపెట్టాడు.

"ఒక్కటే ప్రశ్న," అన్నాడు టైలరు. "రెండోది వచ్చే ఆదివారం, ఇంకెవరైనా చస్తే."

నర్సమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో మరేమిటో. ఫోను ఇంకా వణుకుతోంది. మరిది జేబులో చెయ్యి పెట్టి దాని గొంతు నొక్కాడు. తర్వాత వెనక్కి తిరిగి వచ్చాడు, బల్ల దాకా కాదు, తుక్కు డబ్బా దాకా.

బల్ల నియమం అందరికీ తెలిసిందే. పాత్ర పోయినవాడు కింది మెట్టు నుంచి కొత్తగా మొదలుపెట్టాలి, కొత్త ముక్క తానే ఏరుకోవాలి. అతను వంగి డబ్బాలో చూశాడు. గరుకు అంచుల పెంకులు, ఆ నెలంతా ఆమె చేతిలో వంకరగా పగిలినవి కూడా వాటిలోనే. జాగ్రత్తగా రెండు వేళ్ళతో ఒక పొగరంగు ముక్కను పైకి తీశాడు.

అన్న అటు చూడనట్టే ఉన్నాడు. సానరాయి మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు.

"అది వద్దురా," అన్నాడు. "పగులుంది. ఇంకోటి తీసుకో."